కాకిలెక్క

కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనక్కి తిప్పి
పెన్సిల్ ముల్లు నాలుకకు అద్దుకున్నాను.
మొన్న ఆఫీసు కిటికీలో అమ్మాయి చెప్పింది:
"ఐదు త్రైమాసికాలు వెనక్కి వెళ్ళండి.
చివరిది వదిలేయండి. మిగిలిన నాలుగింట్లో
ఎక్కువ జీతం వచ్చిన మూడు నెలలు పట్టుకోండి.
ఇరవయ్యారుతో భాగించండి, అంతే.
ఇది అంచనా. మాట ఇచ్చినట్టు కాదు."

చివరిది వదిలేయాలట.
జూలై, ఆగస్టు, సెప్టెంబరు.
పదిహేడేళ్ళు నేను నూనె పెట్టిన ప్రెస్సుని
నేనే విప్పి, బోల్టులు సంచుల్లో కట్టి,
సంచికో చీటీ రాసి
ఎక్కడికో పోయే లారీకెక్కించిన నెలలవి.
ఒళ్ళు హూనమైన నెలలు.
లెక్కలో వాటికి చోటు లేదు.
"అవి ఇంకా ఊరలేదండీ" అంది,
జాడీలో ఆవకాయ గురించి చెప్పినట్టు.

సరే. మిగిలినవాటిలో పెద్దది చలికాలం.
జనవరి నుంచి మార్చి:
పదకొండు వేల నాలుగు వందల నలభై.
ఎవరిదో చీటీ నా కట్టలో కలిసిందనుకున్నాను.
తర్వాత గుర్తొచ్చింది.

ఆ చలికాలం డెల్ఫీన్ కాన్పుకి వెళ్ళింది.
బిడ్డ ఏడో నెలకే తొందరపడ్డాడు.
ఆమె షిఫ్టులు ఎవరు చేస్తారని ఫోర్‌మన్ అడిగితే
చెయ్యెత్తింది నేనే.
ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొట్టే రాత్రుళ్ళు,
ఒక్కటీ మిగలని శనివారాలు,
ఆమె స్టూలు మీద, ఆమె వదిలివెళ్ళిన స్వెట్టరు వేసుకుని
కిటికీ బందులకి రివెట్లు కొట్టాను.
"నా చోటు చల్లారనివ్వకు"
ఆసుపత్రి నుంచి మెసేజ్ పెట్టింది.
చల్లారనివ్వలేదు.

భాగించాను. వారానికి నాలుగు వందల నలభై.
శేషం సున్నా.
ఎందుకో, ఆ రాత్రుళ్ళు తీసేసి మళ్ళీ భాగించాను.
మూడు వందల అరవై.
రెండు అంకెల మధ్యా ఎనభై డాలర్లు
ఊయల తాడులా వేలాడుతున్నాయి.

పెన్సిల్ ఇంకో సంగతీ బయటపెట్టింది.
ఇరవయ్యారుతో భాగించి
ఇరవయ్యారు వారాలే ఇస్తారు.
అంటే ఏమిచ్చినట్టు?
ఆ ఒక్క చలికాలాన్నే
నీళ్ళు పోసి, మజ్జిగ చేసి,
మే నెల దాకా గ్లాసు గ్లాసుగా పోస్తారన్నమాట.
అదీ మొదటి వారం ఊరికే కూర్చున్నాక.

సాయంత్రం డెల్ఫీన్ ఫోన్ చేసింది.
వెనకాల పిల్లాడు గరిటెతో గిన్నె మోగిస్తున్నాడు.
"నాకు మూడు వందల అరవై వస్తుందట వెర్నా.
అద్దె పోగా పాలడబ్బాలు ఎన్నొస్తాయో చూడాలి.
నీకెంత?"
"ఇంకా తేలలేదు."
"కాకిలెక్కే చెప్పవే."
"అటూ ఇటుగా నీ అంతే."

అటు ఎంతో, ఇటు ఎంతో
ఆమె అడగలేదు.
పిల్లాడు గిన్నె కింద పడేశాడు,
మాట అటు మళ్ళింది.

మంగళవారం ఆమెకి బేకరీలో ఇంటర్వ్యూ.
వాణ్ణి నా దగ్గర వదలమన్నాను.
ఆదివారం ఫోన్లో యంత్రం అడుగుతుంది,
ఈ వారం ఎన్ని రోజులు పనిచేశారని.
సున్నా నొక్కుతాను.
పది నెలల వాడి వెనక పరిగెత్తడం పనో కాదో
ఏ కిటికీ దగ్గరా అడగబోను.

ఆమె స్వెట్టరు ఇంకా నా దగ్గరే ఉంది.
ఉతికి మడతపెట్టాను.
జేబులో ఏమైనా పెడితే ఎందుకో చెప్పాలి.
చెబితే తీసుకోదు.
చెప్పకపోతే
నాది కూలీనా, వడ్డీనా?

కవరు చించబోయి ఆగాను.
లోపల బిల్లు
ఇంకా కట్టనే లేదు.